ఒక రైలుకు కొత్త పెట్టెలు రావాలంటే

ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటాం. పక్క లైనులో ఎర్రగా, నున్నగా మెరిసే పెట్టెలతో ఒక ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగుతుంది. కాసేపటికి మన రైలు వస్తుంది. వెలిసిపోయిన నీలం రంగు, గుమ్మం కింద తుప్పు, బ్రేకు వేసినప్పుడల్లా కీచుమనే చక్రాలు. రెండూ ఎక్స్‌ప్రెస్‌లే, టికెట్ లెక్క కూడా రెండింటికీ ఒకటే. వాళ్లకు ఇచ్చినవి మనకెందుకు ఇవ్వలేదన్న ఉక్రోషం రావడం సహజం. ఆ ఉక్రోషం వినతిపత్రమై ఎంపీ దగ్గరకు వెళ్తుంది. కొన్నాళ్లకు ‘ఫలానా రైలుకు ఎల్‌హెచ్‌బీ బోగీలు’ అని, అంటే ఆ ఎర్ర పెట్టెలు వస్తున్నాయని, జిల్లా పేజీలో వార్త వస్తుంది. అందరూ సంతోషిస్తారు. రైలు మారిన వారం తర్వాత ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది: స్లీపర్ పెట్టెలు తగ్గాయేమిటని.

ఈ వార్తల్లో అరుదుగా వినిపించే మాట ఒకటుంది. అది ‘రేక్’. ఒక రైలుగా కూర్చిన మొత్తం పెట్టెల వరసను రైల్వేవాళ్లు రేక్ అంటారు. మనం పెట్టె మారుతుందనుకుంటాం. వాళ్ల లెక్కలో మారేది రేక్, అదీ ఒంటరిగా కాదు, ఇతర రేక్‌లతో కలిసి. కొత్త పెట్టెలు ఎవరికి ముందు, ఎవరికి వెనక, పాతవి ఎక్కడికి అన్న ప్రశ్నలన్నీ ఈ ముడి దగ్గరకే వచ్చి ఆగుతాయి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మనం పెట్టెను ‘బోగీ’ అనడానికి అలవాటుపడ్డాం. ఇంజనీర్ల భాషలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఒక్కో పెట్టెకు రెండేసి ఉంటాయి. పాత పెట్టెకూ కొత్త పెట్టెకూ ఉన్న తేడాలో సగం ఆ చట్రంలోనే ఉంది కాబట్టి, ఇక్కడ పెట్టెను పెట్టె అనో కోచ్ అనో పిలుస్తాను. బోగీని చక్రాలకే వదిలేద్దాం.

పెట్టె వయసు ఎవరినీ అడగక్కర్లేదు, దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. పక్కగోడ మీద అయిదో ఆరో అంకెల సంఖ్య కనిపిస్తుంది. మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. ఉదాహరణకు 99237 అని ఉంటే అది 1999 నాటి పెట్టె. తర్వాతి మూడంకెలు దాని రకం చెబుతాయి. అయిదంకెల సంఖ్యల్లో 201 నుంచి 400 వరకు స్లీపర్‌కు కేటాయించారు, 401 నుంచి జనరల్ మొదలవుతుంది. సంఖ్యకు ముందుండే అక్షరాలు ఆ పెట్టె ఏ జోన్ సొత్తో చెబుతాయి. దక్షిణ మధ్య రైల్వేదైతే ఎస్‌సీ అని ఉంటుంది. పెట్టె చివరి గోడ దగ్గరకు వెళ్తే చిన్న అక్షరాల్లో ఇంకొంచెం జాతకం దొరుకుతుంది: చివరిసారి పూర్తి మరమ్మతు ఎప్పుడు, ఏ వర్క్‌షాపులో జరిగింది, మళ్లీ ఎప్పటిలోగా తిరిగి రావాలి. ఆ చివరిదాన్ని ‘రిటర్న్ డేట్’ అంటారు. బడి పిల్లల ప్రోగ్రెస్ కార్డులాంటి ఈ రాతను ఒకసారి చదవడం అలవాటైతే ప్లాట్‌ఫాం మీద కాలక్షేపానికి లోటుండదు.

పట్టాలు అవే, జాతులు రెండు

నీలం పెట్టెల కథ చెన్నై పెరంబూరులో మొదలవుతుంది. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని 1955 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. డిజైను స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీది. చెక్క పెట్టెలు పట్టాల మీద తిరుగుతున్న రోజుల్లో పూర్తి ఉక్కు శరీరం, గోడలూ కప్పూ నేలా కలిసి బరువు మోసే నిర్మాణం చాలా ముందడుగు. ఆ డిజైను పేరే ఐసీఎఫ్ అయిపోయింది. పంజాబ్‌లోని కపూర్తలా కర్మాగారం తయారుచేసినా దాన్ని ఐసీఎఫ్ పెట్టె అనే అంటారు. ఆరు దశాబ్దాలు దేశాన్ని మోసిన ఈ డిజైను చివరి పెట్టె 2018 జనవరిలో పెరంబూరు నుంచి బయటికి వచ్చింది.

ఎర్ర పెట్టెలు జర్మనీ కంపెనీ లింకే హాఫ్‌మన్ బుష్ డిజైను, అందుకే ఎల్‌హెచ్‌బీ. 2000 ప్రాంతంలో 24 పెట్టెలు దిగుమతి చేసుకుని శతాబ్ది సేవల్లో పెట్టారు. సాంకేతికత బదిలీ ఒప్పందంతో తర్వాతి పెట్టెలను కపూర్తలాలో తయారుచేశారు. చాలా ఏళ్లు అవి రాజధాని, శతాబ్ది రైళ్లకే పరిమితమయ్యాయి. 2012లో అనిల్ కకోద్కర్ నేతృత్వంలోని భద్రతా సమీక్ష కమిటీ, ఐసీఎఫ్ డిజైను ఆపేసి అయిదేళ్లలో పూర్తిగా ఎల్‌హెచ్‌బీకి మారాలని గట్టిగా సిఫార్సు చేసింది. కర్మాగారాలు పూర్తిగా మారడానికి 2018 వచ్చింది. ఆ తర్వాత వేగం పుంజుకుంది. 2014కు ముందు పదేళ్లలో తయారైనవి రెండు వేల చిల్లర అయితే, 2014 నుంచి 2025 వరకు 42 వేలకు పైగా తయారయ్యాయని రైల్వే శాఖ లెక్క.

రెండింటి మధ్య అసలు తేడా చూడాలంటే లోపలి సీట్లను చూడకండి. రెండు పెట్టెలు కలిసే సందులోకి తొంగి చూడండి. పాత రైలులో రెండు పక్కలా గుండ్రటి పళ్లేల్లాంటి బఫర్లు ఒకదానికొకటి ఆని ఉంటాయి. మధ్యలో కొక్కెం, దానికి మరతో బిగించే లంకె. దీన్ని స్క్రూ కప్లింగ్ అంటారు. ఒక మనిషి ఆ రెండు పెట్టెల మధ్యకు వంగి దూరి, లంకెను కొక్కేనికి తగిలించి, చేత్తో మర తిప్పి బిగించాలి. కొత్త రైలులో బఫర్లు లేవు. మధ్యలో ఒకే ఒక్క బలమైన ఉక్కు పిడికిలి ఉంటుంది. రెండు పెట్టెలు మెల్లగా తాకితే పిడికిళ్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఇది సెంటర్ బఫర్ కప్లర్, వాళ్ల భాషలో సీబీసీ.

ప్రమాదం జరిగినప్పుడు ఈ తేడాయే ప్రాణాల లెక్క మారుస్తుంది. పాత పద్ధతిలో వెనక నుంచి తోపు వచ్చినప్పుడు బఫర్లు ఒకదానిమీదుగా ఒకటి జారిపోతాయి, వెనక పెట్టె లేచి ముందు పెట్టె మీదికి ఎక్కుతుంది. ప్రమాదాల ఫొటోల్లో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపించే పెట్టెలు అలా వచ్చినవే. సీబీసీ పిడికిలి నిలువుగా జారనివ్వదు. పెట్టెలు పట్టాలు దిగినా చాలావరకు వరసలోనే, నిలబడే ఉంటాయి. దీనికి తోడు స్టెయిన్‌లెస్ స్టీల్ శరీరం, ఒక్కో ఇరుసుకు రెండేసి డిస్క్ బ్రేకులు, గంటకు 160 కిలోమీటర్లు తట్టుకునే డిజైను.

అయితే పెట్టె చేయగలిగింది పెట్టె చేస్తుంది, సిగ్నల్ చేయాల్సిన పని చేయలేదు. 2023 జూన్ 2న బహనగా బజార్ స్టేషన్ దగ్గర ప్రమాదానికి గురైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నవి ఎల్‌హెచ్‌బీ పెట్టెలే. పూర్తి వేగంతో ప్రధాన లైను పక్కనుండే లూప్ లైనులోకి మళ్లి, అక్కడ నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నాక ఏ కప్లర్ అయినా ఎంతవరకు కాపాడుతుంది? 290 మందికి పైగా చనిపోయారు. ఎల్‌హెచ్‌బీ వచ్చింది కాబట్టి ఇక భయం లేదన్న ధీమా తప్పు. ఎల్‌హెచ్‌బీ వచ్చినా ప్రమాదాలు ఆగలేదు కాబట్టి అవి దండగన్న వాదన అంతకన్నా తప్పు.

కొత్తవాటిలోనూ చిరాకులు లేకపోలేదు. రైలు కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ తగిలే కుదుపు, పై బెర్తు మీద నిద్రపోతున్నవాళ్లను కూడా లేపేసే ఆ ఒక్క జర్కు, తొలినాళ్ల ఎల్‌హెచ్‌బీ రైళ్లలో ప్రయాణించినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. పాత పద్ధతిలో మర బిగించడం వల్ల పెట్టెల మధ్య వెసులుబాటు ఉండదు. కప్లర్‌లో కొద్దిగా ఉంటుంది, ఆ కొద్దిపాటి ఖాళీలే ఇరవై రెండు పెట్టెల పొడవునా కూడుకుని కుదుపుగా వస్తాయి. తర్వాత కప్లర్ వెనకుండి కుదుపును మింగే డ్రాఫ్ట్ గేర్‌ను మార్చి ఈ బాధను తగ్గించారు.

రేక్ ముడి

సరే, కొత్తవి మంచివే. మరి రోజుకు రెండు మూడు పెట్టెల చొప్పున పాతవి తీసేసి కొత్తవి తగిలిస్తూ పోవచ్చు కదా? పోలేం. కొక్కేనికీ పిడికిలికీ పొత్తు కుదరదు. ఇంజన్లకు రెండు రకాల ఏర్పాటూ ఉంటుంది కాబట్టి అవి ఏ రైలునైనా లాగగలవు. పెట్టెల మధ్య మాత్రం ఆ సౌకర్యం లేదు.

కప్లర్ సమస్యను ఎలాగో దాటినా కరెంటు దగ్గర ఆగిపోతాం. పాత పెట్టె తన కరెంటు తానే తయారుచేసుకుంటుంది. ఇరుసు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగితే కింద వేలాడే ఆల్టర్నేటర్ తిరుగుతుంది, పుట్టిన కరెంటు 110 వోల్టుల బ్యాటరీల్లో చేరుతుంది. బెల్టు తెగిందంటే ఆ పెట్టెలో లైట్లు మసకబారుతాయి, ఏసీ పెట్టె అయితే జనం టీటీఈ మీద పడతారు. ఎల్‌హెచ్‌బీ రేక్ సంగతి వేరు. మొత్తం రైలుకు 750 వోల్టుల త్రీఫేజ్ కరెంటు చివరల నుంచి వస్తుంది. మొదట్లో అటొకటి ఇటొకటి రెండు జనరేటర్ పెట్టెలు ఉండేవి. ఇప్పుడు ‘హెడ్ ఆన్ జనరేషన్’ పేరుతో పై తీగ నుంచి ఇంజనే తీసుకుని పెట్టెలకు పంపుతోంది. అందువల్ల రెండు జనరేటర్ పెట్టెల్లో ఒకదాన్ని తీసేసి, ఆ చోట సామాను, గార్డు గది, దివ్యాంగుల సీట్లతో పాటు జనరల్ ప్రయాణికులూ ఎక్కగలిగే పెట్టె పెడుతున్నారు. ఏ పద్ధతి అయినా ఎల్‌హెచ్‌బీ పెట్టె ఒంటరిగా బతకలేదు, దానికి తన జాతి రైలు కావాలి.

కాబట్టి మారిస్తే రేక్ మొత్తం మార్చాలి. ఒక రైలుకు ఒక రేక్ సరిపోతుందా? ఇక్కడే లెక్క పెరుగుతుంది. రోజూ సాయంత్రం 6 గంటలకు బయలుదేరి 30 గంటలు ప్రయాణించే రైలు ఒకటి ఊహించుకుందాం. సోమవారం సాయంత్రం బయలుదేరిన రేక్ మంగళవారం అర్ధరాత్రికి అవతలి ఊరు చేరుతుంది. ఆరు గంటలు అక్కడ ఆగి బుధవారం ఉదయం 6కు తిరుగు ప్రయాణం కడితే, గురువారం మధ్యాహ్నం 12కు సొంత స్టేషన్‌కు వస్తుంది. అక్కడ పిట్ లైను మీదికి వెళ్లి, కింద నుంచి బ్రేకులూ చక్రాలూ పరీక్ష చేయించుకుని, కడిగించుకుని, నీళ్లు నింపుకుని సాయంత్రం 6కు మళ్లీ ప్లాట్‌ఫాం ఎక్కుతుంది. ఈలోగా మంగళ, బుధవారాల రైళ్లు ఎవరు నడపాలి? మరో రెండు రేక్‌లు. అంటే ఒకే ఒక్క రైలుకు మూడు రేక్‌లు, 22 పెట్టెల చొప్పున 66 పెట్టెలు. వీటిలో ఏదైనా పాడై ‘సిక్ లైను’కు వెళ్తే ఆ చోట తగిలించడానికి అదే జాతి పెట్టెలు విడిగా కొన్ని ఉండాలి.

ముడి ఇంతటితో ఆగదు. ఒక రేక్ అవతలి ఊళ్లో పదహారు గంటలు ఊరికే పడి ఉంటుందంటే, ఆ సమయంలో దాన్ని ఇంకో రైలుగా నడిపి తెస్తారు. పొద్దున ఒక పేరుతో వచ్చిన పెట్టెలే మధ్యాహ్నం వేరే నంబరుతో వేరే ఊరికి వెళ్తాయి. రేక్ షేరింగ్ అంటారు దీన్ని. ఖరీదైన సరుకును ఖాళీగా ఉంచకపోవడం మంచి ఏర్పాటే. కానీ మార్పు వచ్చినప్పుడు అదే సంకెల అవుతుంది. మన రైలు అయిదు రేక్‌ల గుంపులో ఉండి, ఆ గుంపు మీద నాలుగు రైళ్లు నడుస్తుంటే, మనకు కొత్త పెట్టెలు రావడమంటే నాలుగు రైళ్లకూ రావడమే. వంద దాటిన పెట్టెలు కొద్ది వారాల తేడాతో సమకూడాలి. పక్క లైను రైలుకు అలాంటి బంధం లేదు, రెండు రేక్‌లతో పని అయిపోయింది, ముందే వచ్చేసింది. మనం పక్షపాతం అనుకున్నదాంట్లో చాలాభాగం ఈ గుంపు కొలతే. అన్నీ ఇంతేనని అనను, రాజకీయ పలుకుబడి కొన్ని రైళ్లను వరసలో ముందుకు జరుపుతుంది, అది అందరికీ తెలిసిందే.

పోనీ వచ్చిన రేక్‌ను వచ్చినట్టు ఒక్కొక్కటిగా ప్రవేశపెడితే? పెడతారు కూడా. కానీ దానికో చిక్కుంది. ముందస్తు రిజర్వేషన్ గడువు ఇప్పుడు 60 రోజులు. రెండు నెలల ముందే టికెట్లు అమ్ముడవుతాయి, పెట్టెలో బెర్తులెన్నో కంప్యూటర్‌కు అప్పుడే తెలియాలి. పాత స్లీపర్‌లో 72, కొత్తదాంట్లో 80. కొత్త రేక్ అనుకుని అమ్మిన రైలుకు ఆఖరి నిమిషంలో పాత రేక్ తగిలించాల్సి వచ్చిందనుకోండి. ఎస్5లో 77వ నంబరు బెర్తు టికెట్‌తో ఒక కుటుంబం ఎక్కుతుంది. నంబర్లు వెతుక్కుంటూ నడుస్తారు. 70, 71, 72, ఆ తర్వాత గోడ, మరుగుదొడ్డి తలుపు. వాళ్ల తప్పు లేదు, టీటీఈ తప్పూ లేదు, వాళ్ల బెర్తు ఈ పెట్టెలో పుట్టనే లేదు. ఇలాంటివి జరగకూడదనే జోనల్ రైల్వేలు మార్పును ముందుగా తేదీలతో ప్రకటిస్తాయి. ఆ ప్రకటనల్లో వెళ్లే దారికి ఒక తేదీ, వచ్చే దారికి మరో తేదీ ఉంటుంది. అదే రేక్ అటు వెళ్లి ఇటు రావాలి కదా.

డిపోలూ సిద్ధం కావాలి. కొత్త బోగీ, డిస్క్ బ్రేకు, కప్లర్ పరీక్షించడానికి వేరే పనిముట్లు, వేరే శిక్షణ ఉండాలి. పెద్ద వర్క్‌షాపుల్లో పెట్టెలను ఒక లైను నుంచి పక్క లైనుకు అడ్డంగా జరిపే ట్రావర్సర్ అనే కదిలే వేదిక ఉంటుంది. దాన్ని పాత పెట్టె పొడవుకు కట్టారు, కొత్త పెట్టె అందులో పట్టదు. అలాంటి చోట ముందు ఆ వేదికను పొడిగించాలి. 1893లో పుట్టిన లాలాగూడ లాంటి వర్క్‌షాపులో గోడలు, స్తంభాలు, లైన్ల మధ్య దూరం, అన్నీ ఇంకో కాలం కొలతలే.

పండుగ రద్దీ వచ్చినప్పుడు ఈ జాతిభేదం మళ్లీ బయటపడుతుంది. సంక్రాంతికి రైలుకో అదనపు స్లీపర్ తగిలిస్తే బాగుండునని అందరూ అడుగుతారు. స్పేర్‌లో ఉన్నది పాత పెట్టె, రైలేమో కొత్తది. పెట్టె ఖాళీగా డిపోలోనే ఉంటుంది, జనం గుమ్మాల దగ్గర వేలాడుతూనే ఉంటారు.

స్లీపర్లు ఎక్కడ మాయమయ్యాయి?

ఎల్‌హెచ్‌బీ రాగానే స్లీపర్లు తగ్గాయన్న ఫిర్యాదుకు రైల్వే నుంచి సాధారణంగా వచ్చే జవాబు: కొత్త పెట్టెలు పొడవు, అందుకే సంఖ్య తగ్గింది. ఈ జవాబు సగమే నిజం. లెక్క వేద్దాం.

పాత పెట్టె బఫర్లతో కలిపి సుమారు 22.3 మీటర్లు, కొత్తది కప్లర్లతో కలిపి 24 మీటర్లు. 24 పాత పెట్టెల రైలు పొడవు సుమారు 535 మీటర్లు. ప్లాట్‌ఫాంలూ పిట్ లైన్లూ లూప్ లైన్లూ ఆ పొడవుకే కట్టినవి. అదే చోటులో కొత్తవి 22 పడతాయి, 528 మీటర్లు. 23వది పెడితే 552, తోక బయటికి వస్తుంది. కాబట్టి రెండు పెట్టెలు పోవడం తప్పదు. కానీ ఒక్కో పెట్టెలో బెర్తులు పెరిగాయిగా? 12 పాత స్లీపర్లలో 864 బెర్తులు, 11 కొత్త స్లీపర్లలో 880. పొడవు వల్ల మాత్రమే అయితే స్లీపర్ ప్రయాణికుడు నష్టపోవాల్సిన పని లేదు.

మరి ఎక్కడ పోయాయి? ఒక ఊహాత్మక రైలును తీసుకుందాం. పాత కూర్పు: 11 స్లీపర్లు, 4 థర్డ్ ఏసీ, 2 సెకండ్ ఏసీ, 4 జనరల్, ఒక వంట పెట్టె, రెండు సామాను పెట్టెలు. మొత్తం 24. స్లీపర్ బెర్తులు 792, థర్డ్ ఏసీవి పెట్టెకు 64 చొప్పున 256, సెకండ్ ఏసీవి 46 చొప్పున 92. మొత్తం 1,140. కొత్త కూర్పు: 7 స్లీపర్లు, 7 థర్డ్ ఏసీ, 2 సెకండ్ ఏసీ, 3 జనరల్, వంట పెట్టె, జనరేటర్ పెట్టె, సామాను పెట్టె. మొత్తం 22. స్లీపర్ బెర్తులు 560, థర్డ్ ఏసీవి 72 చొప్పున 504, సెకండ్ ఏసీవి 52 చొప్పున 104. మొత్తం 1,168.

రిజర్వేషన్ బెర్తులు మొత్తం మీద 28 పెరిగాయి. స్లీపర్ బెర్తులు మాత్రం 232 తగ్గాయి. పైగా పాత సామాను పెట్టెలు రెండింటిలోనూ జనరల్ ప్రయాణికులు కూర్చునే చోటు ఉండేది. జనరేటర్ పెట్టెలో ఆ చోటు లేదు. కాబట్టి స్లీపర్లను మింగింది పెట్టె పొడవు కాదు. పెట్టెలు మార్చే సందర్భాన్ని చూసుకుని కూర్పు కూడా మార్చేశారు, స్లీపర్ చోట థర్డ్ ఏసీ పెట్టారు. ఏసీకి గిరాకీ ఉంది, ఆదాయమూ ఎక్కువే, ఆ వాదనలో బలం లేకపోలేదు. అలాంటప్పుడు అది విధాన నిర్ణయమని నేరుగా చెప్పాలి, పెట్టె పొడవు చాటున దాగడం నాకు నచ్చదు. జనరల్, స్లీపర్ పెట్టెల కొరత మీద విమర్శలు ముదిరాక, 2024లో రైల్వే శాఖ పదివేల నాన్‌ఏసీ పెట్టెలు తయారుచేస్తామని ప్రకటించింది. ఎల్‌హెచ్‌బీలోనూ నాన్‌ఏసీ పెట్టెలు కావలసినన్ని చేయవచ్చని ఆ ప్రకటనే ఒప్పుకున్నట్టయింది.

పాతవి ఎక్కడికి పోతాయి?

ఐసీఎఫ్ పెట్టెకు నిర్ణయించిన ఆయుష్షు 25 ఏళ్లు, ఎల్‌హెచ్‌బీకి 35. రైల్వేలో దీన్ని ‘కోడల్ లైఫ్’ అంటారు. తెలుగు చెవికి కోడలి బతుకులా వినిపిస్తుంది గానీ, కోడ్ ప్రకారం నిర్ణయించిన జీవితకాలమని అర్థం. 2018లో తయారైన చివరి ఐసీఎఫ్ పెట్టెకు కాగితం మీద 2043 దాకా ఆయుష్షు ఉంది. అంటే ఇప్పుడు పెద్ద రైళ్ల నుంచి దిగిపోతున్న నీలం పెట్టెలన్నీ ముసలివి కావు. చాలావాటికి ఇంకా సత్తువ ఉంది. అందుకే అవి తుక్కుకు కాకుండా కింది మెట్టుకు వెళ్తాయి. పెద్దవాడికి పొట్టిదైన చొక్కా చిన్నవాడికి వచ్చినట్టు, సూపర్‌ఫాస్ట్ వదిలిన రేక్ మామూలు ఎక్స్‌ప్రెస్‌కు, అది వదిలింది ప్యాసింజర్‌కు, మిగిలింది పండుగ ప్రత్యేక రైళ్లకు. దసరాకు వేసే స్పెషల్ రైలులో పెట్టెలు పాతగా ఉన్నాయని విసుక్కుంటాం. ఆ పాతవి మిగిలి ఉండబట్టే ఆ స్పెషల్ వేయగలిగారు.

దీనికీ ఒక ఖర్చు ఉంది. రైలు వేగాన్ని నిర్ణయించేది అందులోని అతి నెమ్మది పెట్టె. 2022 సెప్టెంబరులో దక్షిణ మధ్య రైల్వే ప్రధాన మార్గాల్లో గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచింది. 110కి మించి పోకూడని పాత రేక్ ఆ లైను మీదికి వస్తే, వెనక వచ్చే కొత్త రైళ్లూ దాని వెనకే నడవాలి, లేదా దాన్ని లూప్‌లో పెట్టి ముందుకు పోవాలి. పాత రైలు తరచూ పక్కకు తప్పుకుని ఆగడం వెనక ఒక కారణం ఇదే.

మధ్యవయసులో పాత పెట్టెకు ఒక పెద్ద వైద్యం ఉండేది. పన్నెండు నుంచి పదిహేనేళ్లు నిండినవాటిని భోపాల్‌లోని నిషాత్‌పురా వర్క్‌షాపుకు పంపి, లోపలిదంతా ఊడబీకి, ఎముకల గూడు దాకా విప్పి మళ్లీ కట్టేవారు. తుప్పు ఎక్కడ పట్టిందో ఆ పనివాళ్లకు పెట్టె చూడకుండానే తెలుసు: మరుగుదొడ్డి కింది నేల, గుమ్మం దగ్గర నీళ్లు నిలిచే చోటు, పక్కగోడ కింది అంచున పెట్టె పొడవునా సాగే సోల్ బార్. దశాబ్దాల పాటు మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదికే తెరుచుకున్నాయి. ఆ తడి అంతా కింది ఉక్కును తింటూ వచ్చింది. పై నుంచి చూస్తే రంగు నిగనిగలాడుతుంది, సుత్తితో కొడితే సోల్ బార్ పెచ్చులుగా రాలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టెకు పదేళ్లు ఎక్కువ ఆయుష్షు ఇవ్వడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక ప్రయాణికులను మోయడం మానేసిన పెట్టెల్లో నాకు ఆసక్తిగా అనిపించేవి ఎన్‌ఎంజీలు, అంటే సరుకు మోయడానికి మార్చిన పెట్టెలు. కిటికీలు, పక్క తలుపులు రేకులతో మూసేసి, బెర్తులు, ఫ్యాన్లు తీసేసి, నేలను బలపరిచి, పెట్టె కొసన వెడల్పాటి తలుపులు పెడతారు. కార్ల కంపెనీలకు అవి కావాలి. రేక్ చివర ర్యాంపు వేసి, కారును ఒక పెట్టె కొస నుంచి ఎక్కించి, పెట్టెల మధ్య పలక వేసి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడుపుకుంటూ ముందుకు తీసుకెళ్లి వరసగా నిలుపుతారు. ఒకప్పుడు చాయ్ గ్లాసులు, పల్లీ పొట్లాలు తిరిగిన నడవలో ఇప్పుడు కొత్త కార్లు ప్రయాణిస్తాయి. మూసేసిన కిటికీల ఆకారం బయటి రేకు మీద ఇంకా తెలుస్తూనే ఉంటుంది.

కొన్ని పెట్టెలు ట్రాక్ పనివాళ్లు మకాం ఉండే క్యాంపు కోచ్‌లవుతాయి, కొన్ని ప్రమాద సహాయక రైళ్లలో చేరతాయి. 2020లో అయిదు వేలకు పైగా నాన్‌ఏసీ పెట్టెలు మధ్య బెర్తులు తీయించుకుని, ఒక మరుగుదొడ్డిని స్నానాల గదిగా మార్పించుకుని కోవిడ్ ఐసొలేషన్ వార్డులయ్యాయి. అదే ఏడాది అసన్‌సోల్ స్టేషన్ ఆవరణలో రెండు పాత పెట్టెలు హోటలుగా మారాయి. తర్వాత కాచిగూడతో సహా చాలాచోట్ల అలాంటి కోచ్ రెస్టారెంట్లు వెలిశాయి. పట్టాల ముక్క మీద కదలకుండా నిలబడ్డ పెట్టెలో, ఏసీ చల్లదనంలో బిర్యానీ తింటారు. దాని కింద బెల్టు లేదు, ఆల్టర్నేటర్ లేదు, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది.

వీటిలో దేనికీ పనికిరాదని తేలితే పెట్టె ‘కండెమ్’ అవుతుంది. పుస్తకాల్లోంచి సంఖ్య కొట్టేస్తారు, ఒంటి మీద పెద్ద అక్షరాలతో ఆ మాట రాసి డిపో చివరి లైనులో నిలబెడతారు. వేలానికి ముందు పనికొచ్చేవి ఊడదీస్తారు. బ్యాటరీలు, ఆల్టర్నేటర్, చక్రాల జతలు పక్కకు పోతాయి. పెట్టెను గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి లారీలకెత్తుతారు. చక్రాలు మాత్రం వర్క్‌షాపుకు వెళ్లి, కొలతలు చూపించుకుని, అంచు చెక్కించుకుని, ఇంకా తిరుగుతున్న ఏదో నీలం పెట్టె కిందికి చేరతాయి.